యంత్రం ఒక్కటి మారితే సొరంగం సాగదు

రాయగడలో రైలెక్కి కొరాపుట్ వైపు వెళ్తుంటే కిటికీ దగ్గర కూర్చున్న పిల్లలు సొరంగాలు లెక్కపెట్టడం మన ఇళ్లలో పాత ఆటే. శికర్‌పాయి, రౌలీ, టికిరి దగ్గరకొచ్చేసరికి లెక్క తప్పిపోతుంది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇప్పుడు అదే కొండల్లో రెండో లైను కోసం కొత్త సొరంగాలు పడుతున్నాయి. చూసినవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: అంతంత పెద్ద యంత్రాలు ఉండగా రోజుకు నాలుగైదు మీటర్లు తవ్వడానికి అంత తంటాలెందుకు?

ఈ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే రైలు సొరంగం కన్నా భూగర్భ బొగ్గు గనిని చూడటం మేలు. మన రెండు జిల్లాల్లో బొగ్గు లేదు. మనకున్నది పంచపట్‌మాలి బాక్సైట్, అదీ కొండ నెత్తిన పైనుంచి తవ్వేది. ఒడిశా బొగ్గు తాల్చేరులో, ఈబ్ లోయలో ఉంది, అక్కడా ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టే. కానీ మన భాషలోనే, మన బంధువర్గంలోనే భూమి కింద సొరంగాలు తవ్వడం నూట ముప్పై ఏళ్లకు పైగా సాగుతున్న చోటు ఒకటుంది. అది సింగరేణి. 1889లో ఇల్లెందులో మొదలైన తవ్వకం గోదావరి లోయ పొడవునా పాకింది. ఇక్కడి నుంచి మైనింగ్ డిప్లొమాకో, గని ఉద్యోగానికో పిల్లల్ని పంపే ఇళ్లకు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరమని మా అభిప్రాయం.

రైలు సొరంగాన్ని ఒక్కసారి తవ్వుతారు, వందేళ్లు వాడతారు. బొగ్గు గనిలో సొరంగమంటే రోజూ వేసే దారి. కొన్ని దారులు కొన్నేళ్లు ఉంటాయి, కొన్నింటిని నెలల్లోనే వదిలేస్తారు. అవి కొండరాతిలో కాదు, మండే బొగ్గులోనే పడతాయి. పక్కగోడల నుంచి మీథేన్ ఊరుతుంది, పైకప్పు పొరలు పొరలుగా విడిపోతుంది. స్తంభాలు వదిలి తవ్వే పద్ధతిలో గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని నిబంధన. అంత ఇరుకులో యంత్రం, మనుషులు, బెల్టు, కరెంటు కేబుల్, గాలి గొట్టం, నీటి పైపు అన్నీ ఇమడాలి.

బంతి భోజనం లెక్క

పెళ్లిలో బంతి భోజనాలు చూసినవాళ్లకు ఈ విషయం చెప్పడం తేలిక. వంటవాడు ఎంత చురుకైనవాడైనా గంటకు ఎన్ని బంతులు లేస్తాయనేది వాడి చేతిలో లేదు. విస్తళ్లు తీసేవాళ్లు ఇద్దరే ఉంటే, నేల తుడిచే మనిషి ఇంకా రాకపోతే, అన్నం గుండిగ పొగలు కక్కుతూనే ఉంటుంది, జనం ఆకలితో గుమ్మంలో నిలబడే ఉంటారు. అప్పుడు మరో గాడిపొయ్యి తవ్వించే పెళ్లిపెద్దను చూసి నవ్వుతాం. గనుల్లో మాత్రం అదే పని కోట్ల రూపాయలతో జరిగితే దానికి ఆధునికీకరణ అని పేరు పెడతాం.

గనిలో బొగ్గు తవ్వే కొసను ఫేసు అంటారు. పేలుడు పద్ధతిలో నడిచే ఫేసును తీసుకుందాం. ఇవి ఏ ఒక్క గనివీ కాదు, లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్న అంకెలు. షిఫ్టు 8 గంటలు, అంటే 480 నిమిషాలు. ఇంక్లైన్ దిగి ఫేసు చేరడానికి, తిరిగి రావడానికి 100 నిమిషాలు పోతే మిగిలేది 380. ఒక దఫా పని ఇలా ఉంటుంది. పైకప్పు తట్టి చూసి వేలాడే పెళ్లలు దింపడానికి 20 నిమిషాలు, రంధ్రాలు వేయడానికి 60, మందు కూరి పేల్చడానికి 40, పొగ పోవడానికి 30, మళ్లీ పరీక్షకు 20, బొగ్గు ఎత్తడానికి 100, కప్పుకు బోల్టులు బిగించడానికి 80. మొత్తం 350. షిఫ్టుకు ఒక దఫా, మీటరు పైచిలుకు ముందడుగు.

ఇప్పుడు రెట్టింపు వేగంతో ఎత్తే లోడర్ కొన్నారనుకుందాం. 100 నిమిషాల పని 50కి తగ్గింది. దఫా 300 నిమిషాల్లో అయిపోతుంది. షిఫ్టులో 80 నిమిషాలు మిగిలాయి, కానీ ఆ 80లో రెండో దఫా పట్టదు. సొరంగం పొడవు నిన్నెంతో ఇవాళా అంతే. లోడర్ సామర్థ్యం రెట్టింపైందని నివేదికలో ఉంటుంది, అది అబద్ధం కూడా కాదు.

అందుకే ఒక్క ఫేసుతో కాకుండా నాలుగైదు ఫేసులు తెరిచి, డ్రిల్లు బృందం, లోడర్, బోల్టుల బృందం ఒకదాని వెనక ఒకటి తిరిగేలా చేస్తారు. అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. మొత్తం దఫాకు ఎంతసేపు పట్టిందన్నది కాదు, అన్నింటికన్నా నెమ్మది పని ఏదన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. పాత లోడర్‌తో 380ని 100తో భాగిస్తే షిఫ్టుకు మూడు దఫాలు దాటవు. కొత్త లోడర్ వచ్చాక నెమ్మది పని బోల్టులది, 80 నిమిషాలు. 380ని 80తో భాగిస్తే నాలుగు. ఇక ఇంకా గొప్ప లోడర్ తెచ్చినా ఒక్క దఫా పెరగదు. బోల్టుల పనిని 60కి తెస్తే ఆరు అవుతాయి. ఆ తర్వాత మనుషుల్ని దింపే మ్యాన్‌రైడింగ్ వేసి రాకపోకల్లో 40 నిమిషాలు మిగిలిస్తే 420ని 60తో భాగించి ఏడు. మనుషుల్ని కూర్చోబెట్టి దింపే ఏర్పాటును ఎవరూ సొరంగం తవ్వే యంత్రమని అనరు. కానీ ఆ చివరి దఫా తెచ్చింది అదే.

ఇందులో ఒక మెలిక ఉంది. అప్పటికి ఒక దఫా మొత్తం 280 నిమిషాలు, గంటకొకటి పూర్తి కావాలంటే కనీసం ఐదు ఫేసులు ఒకేసారి తెరిచి ఉండాలి. ఐదు ఫేసులంటే ఐదు చోట్లకు గాలి, ఐదు చోట్ల కప్పు మీద కన్ను, పేల్చేటప్పుడు చుట్టుపక్కల వాళ్లందరినీ తప్పించడం. ఒకచోట మిగిల్చిన నిమిషాలు మరోచోట కొత్త పనిని పుట్టిస్తాయి. కాబట్టి ఏ విభాగానికి ఆ విభాగం తన లెక్క చూసుకుంటే కుదరదు, గనిని మొత్తంగా చూడాలి.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ‘ది గోల్’ అనే నవల రాశాడు. ఒక ఫ్యాక్టరీ మేనేజరు కథగా ఈ ఇరుకుమెడ సూత్రాన్నే చెప్పాడు. అయితే ఫ్యాక్టరీలో యంత్రాలు ఉన్నచోటే ఉంటాయి. గనిలో ఫ్యాక్టరీయే రోజూ కొన్ని మీటర్లు జరుగుతుంది. నిన్న సరిపోయిన గొట్టం, కేబుల్, బెల్టు ఇవాళ పొట్టివి అవుతాయి. ఇరుకుమెడ కూడా ఒకచోట నిలవదు. ఫేసు బెల్టు దగ్గరున్న రోజు బోల్టులు నెమ్మది, బెల్టు వెనకబడి బండి దూరం తిరగాల్సిన రోజు రవాణా నెమ్మది, వానాకాలంలో నేల బురదైతే పంపు దగ్గర.

బోల్టు దగ్గర మనిషి

బోల్టింగే నెమ్మది పని అని తేలినప్పుడు గని మీద వచ్చే ఒత్తిడంతా ఆ బృందం మీదే పడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే అని మేము అనుకుంటున్నాం. వేగం కావాలంటే బోల్టుకు బోల్టుకు మధ్య దూరం కాస్త పెంచడం, ఈ వరస రేపు వేద్దామనడం, వేయని కప్పు కింద ఒక్క నిమిషం నిలబడటం, ఇవన్నీ కాగితం మీద కనబడని నిమిషాలు.

రూఫ్ బోల్టు అంటే కప్పులోకి రంధ్రం వేసి, జిగురు గొట్టాలు దూర్చి, ఇనుప కడ్డీని తిప్పుతూ లోపలికి నెట్టి బిగించడం. జిగురు గట్టిపడితే విడివిడిగా ఉన్న రాతి పొరలు ఒకే దూలంలా పట్టుకుంటాయి. కప్పును కింద నుంచి మోసే కర్ర దిమ్మె లాంటిది కాదిది, కప్పు తనను తాను మోసుకునేలా చేసే ఏర్పాటు. జిగురు పట్టే సమయం ఇవ్వకపోతే, రంధ్రం పొడవు తక్కువైతే, బోల్టు పైకి బాగానే కనబడుతుంది కానీ పట్టు ఉండదు. అందుకే కొన్నింటిని లాగి పరీక్షిస్తారు. కప్పు రాతి నాణ్యతను కొలిచి, దాన్నిబట్టి బోల్టుల దూరం నిర్ణయించి, ఆ ప్రణాళిక ప్రకారమే పని చేయాలన్నది చట్టం.

80 నిమిషాల్ని 60కి తేవడానికి నిజాయతీ గల దారులు వేరే ఉన్నాయి. బోల్టులు, జిగురు, జాలీ, పలకలు ఫేసుకు ముందే చేరి ఉండాలి. సగం షిఫ్టు స్టోర్సు నుంచి సామాను రాక కోసం చూడటంలో పోతే ఆ నెమ్మదితనం బోల్టుల బృందానిది కాదు, స్టోర్సుది. రెండో డ్రిల్లు ఇవ్వొచ్చు. డ్రిల్లుకు నీటి ఒత్తిడి చాలకపోతే రంధ్రం వేయడానికి రెట్టింపు సమయం పడుతుంది, అప్పుడు బాగుచేయాల్సింది పైపు. ఇలా వెతుక్కుంటూ పోతే ఫేసు దగ్గర ఆలస్యానికి కారణం చాలాసార్లు ఫేసు దగ్గర ఉండదు.

గాలి సంగతి కూడా ఇంతే. భూగర్భ బొగ్గు గనిలో అతి పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజుకు తీసే ఒక్కో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అంత గాలి అందాలి. మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపి మనుషుల్ని వెనక్కి తీయాలి. ఫేసుకు గాలి మోసుకెళ్లే గొట్టం ఎక్కడో చిరిగి ఉంటే పొగ పోవడానికి 30 నిమిషాలకు బదులు 45 పడుతుంది. ఆ చిరుగుకు అతుకు వేసే మనిషి పేరు ఉత్పత్తి నివేదికలో ఎక్కడా రాదు. కానీ షిఫ్టులో పావుగంట అతని చేతిలో ఉంది.

సర్వే మరీ కనబడని పని. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. పాత గ్యాలరీలు ఎక్కడి దాకా ఉన్నాయి, వాటిలో నీరెంత, మధ్యలో మిగిలిన బొగ్గు గోడ మందం ఎంత అన్నవి డ్రాయింగు బల్ల మీద తేలాల్సిన విషయాలు. అక్కడ తప్పు ఉంటే ముందు ఫేసులో ఎంత మంచి యంత్రం నడిచినా నీటి దగ్గరకు వేగంగా వెళ్లడమే అవుతుంది.

అడ్రియాల చెప్పే పాఠం

సింగరేణిలో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన రోజులు చాలామందికి గుర్తే. తర్వాత సైడ్ డిశ్చార్జ్ లోడర్లు, ఎల్‌హెచ్‌డీలు వచ్చాయి. 1980లలో లాంగ్‌వాల్, 2006లో కొత్తగూడెం వీకే-7 ఇంక్లైన్‌లో కంటిన్యూయస్ మైనర్ వచ్చాయి. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014 అక్టోబరులో ఉత్పత్తి మొదలైంది. 350 మీటర్లకు పైగా లోతు, 250 మీటర్ల వెడల్పు ఫేసు, రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ప్యానెల్. దేశంలోనే పెద్ద భూగర్భ ప్రాజెక్టుల్లో అది ఒకటి.

లాంగ్‌వాల్ అంటే ముందుగా రెండు సమాంతర దారులు చివరిదాకా వేసి, చివర్లో వాటిని ఒక అడ్డదారితో కలుపుతారు. ఆ అడ్డదారే ఫేసు అవుతుంది. షియరర్ అనే కోత యంత్రం హైడ్రాలిక్ సపోర్టుల కింద ఇటు నుంచి అటు తిరుగుతూ బొగ్గు చెక్కుతుంది. సపోర్టులు ముందుకు జరిగాక వెనక కప్పును కూలనిస్తారు. బొగ్గు తీసే ఈ యంత్రాల గురించే అందరూ మాట్లాడతారు. కానీ వాటికి దారి వేసేది సొరంగాల బృందం, ఆ దారులకు గేట్ రోడ్లని పేరు.

ఇక్కడా ఒక ఊహా లెక్క. ప్యానెల్ పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 250 అనుకుంటే రెండు దారులు, ఒక అడ్డదారి కలిపి 4,250 మీటర్ల సొరంగం. ఫేసు రోజుకు 6 మీటర్లు వెనక్కి జరిగితే ప్యానెల్ 333 రోజుల్లో అయిపోతుంది. ఆలోపు పక్క ప్యానెల్ సిద్ధం కావాలంటే సొరంగాల బృందం రోజుకు దాదాపు 13 మీటర్లు వేయాలి. వాళ్లు 8 మాత్రమే వేస్తే 531 రోజులు పడుతుంది. అంటే ఆరున్నర నెలలు వందల కోట్ల లాంగ్‌వాల్ యంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఈ పరిస్థితిలో లాంగ్‌వాల్ ఫేసు వేగాన్ని 6 నుంచి 8కి పెంచితే ఏమవుతుంది? ప్యానెల్ 250 రోజుల్లో ముగిసి, ఖాళీగా ఉండే కాలం ఇంకా పెరుగుతుంది. ఏడాది చివర టన్నులు పెరగవు. యంత్రం మీద పెట్టే డబ్బులో కొంత గేట్ రోడ్ల మీద, అక్కడి బోల్టర్ల మీద, దారి వెంట బెల్టు మీద పెట్టాలనే వాదన వచ్చేది ఈ లెక్కతోనే. కోతా, బోల్టూ ఒకే యంత్రం మీద ఏకకాలంలో సాగే బోల్టర్ మైనర్లు పుట్టింది కూడా ఇందుకే.

2022 మార్చిలో అడ్రియాలలో కప్పు కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో అధికారులూ ఉన్నారు, ఒకరు భద్రత చూసే అధికారి. భూగర్భంలో పెద్ద హోదా ఉన్నవాడి మీద కప్పు ఆగి కూలదు. వేగం ఒక విభాగం, భద్రత మరో విభాగం అని బోర్డులు పెట్టుకోవడం పైన ఆఫీసులో కుదురుతుందేమో కానీ కప్పు కింద కుదరదు.

సింగరేణి ఉత్పత్తి 2023–24లో 70 మిలియన్ టన్నులు దాటింది. అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుదే. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు సగం కూడా లేరు. భూగర్భ గనులు నష్టమని ఒకటొకటిగా మూతపడుతున్నాయి. ఓపెన్‌కాస్టు అంటే ఊళ్లు ఖాళీ చేయడమనే సంగతి దమన్‌జోడి నిర్వాసితుల్ని చూసిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు. భూమి కింద దారి వేసే పనిని చక్కబరచడం కుదురుతుందా లేదా అన్నదాని మీద ఆ ఊళ్ల మాట కూడా కొంత ఆధారపడి ఉంది.

బొగ్గు కాని సొరంగాల్లోనూ ఇదే కథ. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు ఎస్ఎల్‌బీసీ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న దాదాపు 14 కిలోమీటర్ల లోపల కప్పు కూలి, నీరూ బురదా ముంచెత్తి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో మరో దారి లేదు. లోపలికి మనిషి పోవాలన్నా, బురద బయటికి రావాలన్నా ఆ ఒక్క గొట్టమే. సహాయానికి వెళ్లినవాళ్లలో సింగరేణి రెస్క్యూ బృందాలూ ఉన్నాయి. బండను కొరికే యంత్రం ఎంత గొప్పదైనా, ఆ 14 కిలోమీటర్ల వెనక ఉన్న బెల్టు, పంపు, ట్రాలీ లైను కలిస్తేనే అది సొరంగం పని అవుతుందని ఆ వారాల్లో దేశమంతా చూసింది.

మన దగ్గరే పంచపట్‌మాలి నుంచి దమన్‌జోడి రిఫైనరీకి 14.6 కిలోమీటర్ల కేబుల్ బెల్టు ఉంది. ఆ బెల్టు ఆగితే కొండ మీద షవల్ ఎంత చురుగ్గా తవ్వినా రిఫైనరీకి ముద్ద అందదు. నాల్కోలో పనిచేసి రిటైరైన పెద్దలు మన వీధుల్లోనే ఉన్నారు. ఈ వ్యాసంలో మేము లెక్కలతో చెప్పింది వాళ్లు ఒక్క బెల్టు కథతో చెప్పగలరు, మైనింగ్ చదివే పిల్లలు ఒకసారి అడిగి చూడండి.

చివరగా, యంత్రాల జాబితాలో రాని ఒక పని గురించి. షిఫ్టు మారేటప్పుడు దిగే బృందం, ఎక్కే బృందం ఎక్కడ కలుస్తాయి? పైన గేటు దగ్గర కలిస్తే ఫేసు గంటకు పైగా ఖాళీగా ఉంటుంది, కింద కప్పు ఏ స్థితిలో ఉందో మాటల్లో పోతుంది. ఫేసు దగ్గరే కలిసి, ‘ఎడమ మూల రెండో వరసలో ఒక బోల్టు పట్టలేదు, కప్పు బోలుగా మోగుతోంది’ అని వేలుపెట్టి చూపించి వెళ్తే అది వేరు. మన కొండల్లో సొరంగం పనులకు వచ్చే కూలీల్లో ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు, హిందీ వాళ్లు, కువి మాట్లాడే కొంధులు కలిసి ఉంటారు. బోలుగా మోగుతోంది అన్న మాట పక్క మనిషికి అతని భాషలో చేరాలి. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కువి ముక్కలు నేర్చుకున్న మన కుర్రాళ్లు ఆ చోట ఓవర్‌మన్‌గా నిలబడితే, దాన్ని ఉద్యోగ దరఖాస్తులో ‘తెలిసిన భాషలు’ అనే గడిలో రాసి వదిలేయక ఇంటర్వ్యూలో నోరు తెరిచి చెప్పుకోవాలని మేము కోరుతున్నాం.